ఊహ గొప్పదేనా?

రామ్ గోపాల్ వర్మ భయానక చిత్రాలను గురించి ఒక మాట చెలామణీ అవుతున్నది: ఆయన ఊహ గొప్పది, అమలు అంతంతమాత్రం అని. మా విద్యార్థులు కూడా దీన్నే వల్లిస్తున్నారు. నాకీ మాట సమ్మతం కాదు. వస్తువునూ శిల్పాన్నీ వేర్వేరు తక్కెడల్లో తూచే పద్ధతిని సాహిత్యంలో కాదన్న మనం, సినిమా దగ్గరకు వచ్చేసరికి ఎందుకు నెత్తికెత్తుకోవాలి?

2003లో వచ్చిన 'భూత్' చూడండి. పాడుపడ్డ బంగళా కాదు. బొంబాయిలో ఎత్తయిన మేడ, అందులో నమ్మలేనంత చౌకగా అద్దెకు దొరికిన ఫ్లాటు. అంతకుముందు ఆ ఇంట్లో ఒక వితంతువు చనిపోయిందని భర్తకు తెలుసు. భార్యకు చెప్పడు. అద్దె కలిసివచ్చింది గదా! నగర మధ్యతరగతి బ్రతుకును ఇంత సూటిగా పట్టుకున్న భయానక కథలు మనకెన్ని ఉన్నాయి? అమలు మాత్రం తక్కువదా? పాటలు లేవు. ఖాళీ లిఫ్టు, నిశ్శబ్దం, ఊర్మిళా మాతోండ్కర్ ముఖం, వీటితోనే ప్రేక్షకుణ్ణి కుర్చీకి కట్టేశాడు. (నేపథ్య సంగీతం అక్కడక్కడ చెవులు చిల్లులు పొడిచింది, అది చిన్న నేరం.)

చిత్రం దెబ్బతిన్నది వేరేచోట. ఆ తల్లీబిడ్డలను బలిగొన్నవారు ఇంటి యజమాని కొడుకూ, అతని పక్షాన బిడ్డను చంపిన కాపలావాడూ. ఆస్తి, కూలి, స్త్రీ శరీరం ఒక్క గదిలో ఎదురుపడ్డాయి. ఇంతటి సత్యం చేజిక్కితే దర్శకుడు భూతవైద్యురాలిని పిలిపించాడు! దోషికి శిక్ష పడుతుంది, నిజమే. ఆ చౌక అద్దె సంగతి మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తరు. ఇక్కడ కెమెరా తడబడలేదు, ఆలోచన తడబడింది.

2008 నాటి 'ఫూంక్'లో ఆ తడబాటు కూడా లేదు. తండ్రి నాస్తికుడు. అతడు పనినుంచి వెళ్ళగొట్టినవాళ్ళు కూతురిమీద చేతబడి చేయిస్తారు. వైద్యులు ఓడిపోతారు, మాంత్రికుడు గెలుస్తాడు. థియేటరులో ఒంటరిగా చూసినవారికి 5 లక్షల రూపాయలిస్తామని పందెం కూడా కాశారు. పొట్టకొట్టబడ్డవాడు క్షుద్రుడట, హేతువాది మూర్ఖుడట! ఈ ఊహకు ఆ అమలు సరిగ్గా సరిపోయింది.

'కల్పనే గదా' అంటారు మిత్రులు. చేతబడి నెపంతో మన పల్లెల్లో మనుషులను కొట్టి చంపిన వార్తలు వారూ చదివే ఉంటారు. మూఢనమ్మకాలతో పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013లో పుణేలో కాల్చి చంపిన తర్వాతగాని మహారాష్ట్రలో చేతబడికి వ్యతిరేకంగా చట్టం రాలేదు. ఆ రాష్ట్ర రాజధానిలో కూర్చుని తీసిన చిత్రమది. దాన్ని అమలు లోపమని సరిపెట్టుకోమంటారా?