హలము నెఱిగిన న్యాయమూర్తి

రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారమున 1946లో కర్షక కుటుంబమునందు జన్మించి, ఉస్మానియాలో న్యాయశాస్త్రము నభ్యసించి, 1971లో హైదరాబాదున న్యాయవాదిగా నమోదై, క్రమముగా సర్వోన్నత న్యాయస్థాన పీఠము నధిష్ఠించిన జస్టిస్ బి. సుదర్శనరెడ్డిగారి జీవితమును తలచునప్పుడు, నాకు రాజధానికంటె ముందుగా భద్రాచలపు టడవి సరిహద్దు స్మరణకు వచ్చుచున్నది.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ప్రతిగా ప్రభుత్వపు అండతో తలయెత్తిన సల్వాజుడుం అను సాయుధ దళపు ధాటికి నిలువలేక, పొలములను విడిచి, చర్ల, చింతూరు ప్రాంతములకు తరలివచ్చి గుడిసెలు వేసికొనిన గుత్తికోయ గిరిజనుల దుఃఖమునకు మూలమైన యా వ్యవస్థను, ఆయన జస్టిస్ నిజ్జర్‌గారితో కూడి, 2011 జూలై 5న రాజ్యాంగవిరుద్ధమని నిర్ణయించిరి. ఆయన పదవీవిరమణము ఆ వారముననే జరిగెను. ఆ వ్యవస్థ క్రింద అయిదవ తరగతి చదివిన గిరిజన యువకునకు నెలకు 3,000 రూపాయలిచ్చి తుపాకి చేతికిచ్చుట పాలనావిధానమనియు, న్యాయస్థానము జోక్యము చేసికొనరాదనియు వాదించినవారు లేకపోలేదు. నే నంగీకరింపను. కంచెయే చేను మేయునప్పుడు పల్లెలో పుట్టినవాడు మౌనము వహింపజాలడు.

అయినను తీర్పుతో గుడిసెలవారి కథ ముగియలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటికి భూమి తమ యధీనమున నున్నవారికే వర్తించును. తరువాత పాఱివచ్చినవారు పోడు కొట్టినచో ఆక్రమణదారులే యగుదురు. ప్రాణభీతితో వచ్చినవారికి ఆ గడువు నన్వయించుట యన్యాయము. పార్లమెంటు దానిని సవరింపవలెను. అంతవరకు కొత్తగూడెము, భద్రాచలము కోర్టులలో, కోయభాష తెలిసిన న్యాయవాదులను ప్రభుత్వమే తన వ్యయమున నియమింపవలెను.