పెండ్లికి సాక్షులున్నరు, దిగినందుకు సాక్ష్యమేది?

మొన్న మా మండలంల ఉండే ఒక అక్కను ఎంటబెట్టుకొని మాదాపూర్ పోయిన. ఆమె సంచిల 2012 నాటి రసీదు ఒకటున్నది. కొడుకును అమెరికా సదువుకు తోలిన కన్సల్టెన్సీ ఇచ్చిన రసీదు అది. అయ్యప్ప సొసైటీ గల్లీలల్ల గంటన్నర తిరిగితే అడ్రస్ దొరికింది, కన్సల్టెన్సీ దొరకలే. ఆ బిల్డింగుల ఇప్పుడు లేడీస్ హాస్టల్ నడుస్తున్నది. కన్సల్టెన్సీ పేరు చెప్తే వాచ్‌మన్ ఎన్నడు ఇననే ఇనలేదన్నడు. అక్క ఆ మెట్ల మీదనే కూసున్నది. "ఎకరంనర అమ్మి కట్టిన పైసలకు ఈ చిట్టీ ఒక్కటే మిగిలింది తమ్మీ" అన్నది.

మేం పోయింది పైసల కోసం కాదు. ఆ పిల్లగాని పాత పాస్‌పోర్టు జిరాక్సు వాళ్ల దగ్గరన్న ఉంటదేమోనని పోయినం.

సంగతేందంటే, పిల్లగాడు 2012 ఆగస్టుల ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద షికాగోల దిగిండు. దొంగతొవ్వల పోలే. అప్పట్ల బేగంపేట పైగా ప్యాలెస్‌ల ఉన్న అమెరికా కాన్సులేట్‌ల ఇంటర్వ్యూ ఇచ్చి, వేలిముద్రలేసి, వీసా తీసుకొనే పోయిండు. రెండో ఏడు ఫీజు కట్టలేక కాలేజీ బందయింది, దాంతోపాటు స్టేటస్ పోయింది. రూములు మారంగ మారంగ ఒక బ్యాగు పోయింది. అండ్ల పాస్‌పోర్టు, దానికి పిన్ను కొట్టిన చిన్న తెల్లకార్డు ఉండె. ఆ కార్డు పేరు ఐ-94. ఏ తారీకు, ఏ వీసా మీద, ఎన్ని దినాలకు ఆ దేశంలకు రానిచ్చిన్రో చెప్పే కాయితం అదే.

మన కాన్సులేట్ కొత్త పాస్‌పోర్టు ఇచ్చింది. కాని కొత్త దాంట్ల పాత ముద్ర ఎట్ల ఉంటది? 13 ఏండ్లాయె, పిల్లగాడు ఇంటికి రాలే. నాయిన సచ్చిపోతే వాట్సాప్‌ల చూసి ఏడ్సిండు. పోయినేడు అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లను పెండ్లి చేసుకున్నడు. కౌంటీ ఆఫీసుల రిజిస్టర్ అయింది, సాక్షులు సంతకాలు పెట్టిన్రు. గ్రీన్‌కార్డు కోసమని వకీలు దగ్గరికి పోతే, ఆయన మొదలు అడిగింది పెండ్లి గురించి కాదట. "దేశంలకు ఎట్ల వచ్చినవ్, కాయితమేది?" అని.

చట్టం ఇట్లున్నది. అమెరికా పౌరురాలి మొగుడైనా, పౌరుని పెండ్లామైనా, గడువు దాటి ఉన్నందుకు, పర్మిట్ లేకుంట పని చేసినందుకు వాళ్ల దరఖాస్తు ఆగది. దేశం ఇడిసిపోకుంట అక్కడ్నే పెట్టుకోవచ్చు. (గ్రీన్‌కార్డు మీద ఉన్నోళ్లను చేసుకుంటే ఈ మాఫీ రాదు. మనోళ్లు చానమంది ఇక్కడ్నే పప్పుల కాలేస్తరు.) ఏవో కొన్ని మినహాయింపులు పక్కకు పెడితే, ఒక్క షరతు మాత్రం మాఫీ కాదు. సరిహద్దు కాడ అధికారి నిన్ను చూసి, తనిఖీ చేసి, లోపలికి రానిచ్చిండని నువ్వు రుజువు చెయ్యాలె. ఏండ్ల ఓవర్‌స్టేను మాఫీ చేసే చట్టం, అరచేతంత కార్డు కాడ ఆగుతది.

ఊర్లె ఉన్న తమ్ముండ్లకు ఇది తొందరగ సమజైతది. సాదాబైనామా తెల్సు గద. మీ తాత పైసలిచ్చి భూమి కొన్నడు, తెల్లకాయితం మీద రాసుకున్నడు, 30 ఏండ్ల సంది దున్నుతున్నరు. ఊరంతా సాక్ష్యం. కాని పాస్‌బుక్ ఇయ్యమంటే ఆఫీసుల "రికార్డుల లేదు" అంటరు. ధరణి పోయి భూభారతి వచ్చినా ఆ లొల్లి ఇంకా తెగలే. ఈ పిల్లగాని సంగతి దానికన్న జెర ఇచిత్రమైనది. సాదాబైనామాల సర్కారు దగ్గర కాయితం లేదు. ఇక్కడ సర్కారు దగ్గర ఉన్నది, మనిషి దగ్గర లేదు. షికాగోల అధికారి కంప్యూటర్ల కొట్టుకొనే, వేలిముద్రలు చూసుకొనే లోపలికి పంపిండు గద.

ఈ ముచ్చట అమెరికా వలస చట్టంల 291వ సెక్షన్ల ఉన్నది. డిపోర్టేషన్ కేసు పడితే, ఎప్పుడు, ఎక్కడ, ఎట్ల వచ్చినవో చెప్పే బాధ్యత నీదే. చెప్పలేకపోతే చట్టం తప్పి ఉన్నట్టే లెక్క. దాంట్లనే ఇంకో మాట సుత ఉన్నది, దాన్ని ఎవరూ చెప్పరు. నీ వీసా గాని, వచ్చినప్పటి కాయితం గాని సర్కారు దగ్గర ఉంటే, అది తెప్పించుకునే హక్కు నీకున్నది. మొదటి మాట బెదిరించేటందుకు పనికొస్తది. రెండో మాట మనం అడుగుతెనే బయటికొస్తది.

"ఇంత గోసెందుకు, ఇంటికొచ్చి మళ్ల వీసా మీద పోరాదా" అని అక్క వాళ్ల తమ్ముడన్నడు. మంచిమాటే, కాని దాంట్ల గుంత ఉన్నది. అక్రమంగ 180 దినాలు దాటి ఉండి బయటికొస్తే 3 ఏండ్లు, ఏడాది దాటితే 10 ఏండ్లు మళ్ల రానియ్యరు. స్టూడెంట్లకు ఇండ్ల ఒక మెలిక ఉన్నది. వాళ్ల ఐ-94 మీద తారీకు ఉండకుంట డి/ఎస్ అని రాసేది, అంటే స్టేటస్ ఉన్నన్ని దినాలు అని. అట్ల రాసున్నోళ్లకు ఆ 180 దినాల లెక్క దానంతట అది మొదలుగాదు. ఏదన్న దరఖాస్తుల అధికారో, కోర్టుల జడ్జో తేల్చినంక మొదలైతది. ఈ మెలిక పిల్లగానికి మేలే. కాని డి/ఎస్ అని రాసిన కార్డే గద పోయింది! (2025 ఆగస్టుల అక్కడి సర్కారు ఈ డి/ఎస్ తీసేసి తారీకు పెడ్తమని ప్రతిపాదన పెట్టింది. ఇప్పుడు పోయేటోళ్లు అది యాదిల పెట్టుకోండ్రి.)

ఒకప్పుడు ఇది వకీళ్లు, కాయితాల పంచాయితి. ఇప్పుడు మనిషినే పట్టుకపోయే కాడికొచ్చింది. 2025 ఫిబ్రవరి 5న 104 మందిని మిలిటరీ ఇమానంల అమృత్‌సర్ల దించిన్రు, సంకెళ్లతోని. వాళ్లల్ల చానమంది డంకీ తొవ్వల పోయినోళ్లు. ఏప్రిల్ 11 సంది, 18 దాటిన పరదేశోళ్లు రిజిస్ట్రేషన్ రుజువు ఎప్పుడూ జేబుల పెట్టుకోవాలనే పాత చట్టాన్ని గట్టిగ అమలు చేస్తున్నరు. ఆ రుజువులల్ల ఐ-94 ఒకటి. ఆగస్టుల ఇంకో మాట తేల్చి చెప్పిన్రు: భార్య పిటిషన్ పెట్టినంత మాత్రాన నీకు స్టేటస్ రాదు, కేసు నడపొచ్చు అని. నవంబర్ల శాన్‌డియాగోల గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకు వచ్చిన మొగుళ్లను, పెండ్లాలను ఆ ఆఫీసులనే పట్టుకున్నరని వార్తలొచ్చినయ్. గడువు దాటిందన్నదే వాళ్ల మీద మోపిన తప్పు. గ్రీన్‌కార్డుకు అడ్డం రాదని చట్టం చెప్పే తప్పు!

ఇట్లాంటి టైముల కాయితం లేనోడు, సరిహద్దు దుంకి వచ్చినోడు పోలీసోని కండ్లకు ఒక్కటే లెక్క.

నాకు కోపమొచ్చేది ఇంకో కాడ. మెట్లు దిగినంక అక్కను మెట్రో ఎక్కిద్దామని హైటెక్ సిటీ స్టేషన్‌కు తీసుకపోయిన. 2023 సంది అమెరికా వీసాకు వేలిముద్రలు ఇచ్చే కేంద్రం ఆ స్టేషన్ల కిందనే ఉన్నది. ఇంటర్వ్యూ నానక్‌రాంగూడ కొత్త కాన్సులేట్‌ల. 2023 మార్చిల తెరిచిన్రు, 12 ఎకరాలు, 34 కోట్ల డాలర్లు. స్టేషన్ కాడ ఫైళ్లు పట్టుకొని పిల్లలు, పక్కన తల్లిదండ్రులు. ప్రతి పిల్లగాని ఫైల్ల బ్యాంకు బ్యాలెన్స్, పొలం వాల్యుయేషన్, సీఏ సర్టిఫికెట్, ఎన్ని కాయితాలో! పోయేటందుకు కావల్సిన కాయితాలు తయారు చేసే దుకాణాలు అమీర్‌పేట నుంచి కొండాపూర్ దాక ఉన్నయ్. దిగినంక దాసుకోవల్సిన ఒక్క కాయితం గురించి చెప్పే దుకాణం నాకు కానరాలే. కమిషన్ అడ్మిషన్ కాడనే అయిపోతది గద.

2011ల ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూసినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో కడియాలు తొడిగిన్రు. 2019ల ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీని అక్కడి పోలీసులే ఉత్తుత్తగ పెట్టి, చేరినోళ్లను పట్టుకున్నరు, అండ్ల ఎక్కువమంది తెలుగోళ్లే. ఆ పిల్లలల్ల చానమంది సక్కగ వీసా మీద దిగినోళ్లు. స్టేటస్ తర్వాత పోయింది. దిగిన రుజువు ఉంటే రేపు తొవ్వ ఉంటది, లేకుంటే లేదు.

గందుకే ఫోన్ల సదువుతున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు జెర ఇనండ్రి. ఇమానంల దిగేటోళ్లకు 2013 ఏప్రిల్ ఆఖరు సంది తెల్లకార్డు బందయింది, ఐ-94 ఆన్‌లైన్ల ఉంటది. దిగిన దినమే ప్రింట్ తీయండ్రి. వీసా పేజీ, ముద్ర పేజీ, బోర్డింగ్ పాస్ ఫోటో కొట్టి అమ్మకు పంపండ్రి. మనూర్ల అమ్మ ట్రంకుపెట్టె కన్న గట్టి సర్వర్ నేను చూడలే. పాతోళ్లు, ఇప్పటికే పోగొట్టుకున్నోళ్లు, ఐ-102 ఫారం పెట్టి నకలు అడగొచ్చు, దానికి ఫీజున్నది. అంతకు ముందు అక్కడి సమాచార హక్కు చట్టం కింద సరిహద్దు శాఖను రికార్డు అడగండ్రి. మనకు 2005ల వచ్చిన చట్టం వాళ్లకు 1966లనే వచ్చింది. ఏమీ దొరకకపోతే కాలేజీ రికార్డు, ఇమానం టికెట్టు, ఎంబడి దిగినోళ్ల ప్రమాణ పత్రాలు జమ చెయ్యాలె. 2010ల ఒక కేసుల, కారుల కూసున్న పిల్లను అధికారి ఏం అడగకుంట చెయ్యి ఊపి పంపినా, అది రానిచ్చినట్టే అని అక్కడి వలస అప్పీళ్ల బోర్డు చెప్పింది. అంటే ముద్ర లేకున్నా రుజువుకు తొవ్వ ఉన్నది. కాని వకీలు లేకుంట ఆ తొవ్వల నడవొద్దు. "పైసలిస్తే సిటిజన్ పిల్లతోని కాయితం పెండ్లి చేపిస్తం" అనేటోళ్లు దొరుకుతరు. దొరికితే 5 ఏండ్ల దాక జైలు, ఆ తర్వాత అసలు పెండ్లి చేసుకున్నా ఆ తొవ్వల గ్రీన్‌కార్డు రానియ్యరు.

అమెరికాను తిట్టి ఊకుంటే అయిపోదు. మన దగ్గర సుత పరదేశోడు కాదని రుజువు చేసుకునే బాధ్యత మనిషిదే అని 1946 చట్టం చెప్పింది, 2025ల వచ్చిన కొత్త చట్టం అదే మాట ఉంచింది. 2020 ఫిబ్రవరిల హైదరాబాదుల 127 మందికి ఆధార్ ఆఫీసు నోటీసులిచ్చింది. పౌరసత్వం రుజువు చేసుకోమన్నట్టు ఉన్న ఆ నోటీసు అందుకున్నోళ్లల్ల ఆటో నడుపుకునేటాయన ఒకడు.

అక్క కొడుకు రికార్డుల కోసం దరఖాస్తు పెట్టిండు. ఇంకా జవాబు రాలే. మొన్న అక్క ఫోన్ చేసి, ట్రంకుపెట్టె అంతా ఎతికితే కొడుకు దిగిన దినం ఎయిర్‌పోర్టు బయట తీసి పంపిన ఫోటో దొరికిందన్నది. మెడల సంచి, చేతిల పాస్‌పోర్టు, దాంట్లకెల్లి బయటికొచ్చిన తెల్లకార్డు కొస. "ఇది పనికొస్తదా తమ్మీ" అని అడిగింది. వకీలుకు పంపుమన్న.