గజ్జికి సిగ్గుపడవలసినది ఎవరు?

మన భాషలో గజ్జి అన్న మాట రోగం పేరుగా కన్నా తిట్టుగానే ఎక్కువ చెలామణీ అయింది. నేను చదువుకున్న వసతిగృహంలో ఒక పిల్లవానికి అది సోకితే వార్డెనుగారు వాణ్ణి వేరే పంక్తిలో కూర్చోబెట్టి, మాకందరికీ శుభ్రత గురించి ఉపన్యసించారు. వాడు గోకి గోకి వేళ్ళ సందులన్నీ చీముపుండ్లయ్యాయి. అవి పక్కు కట్టాక అందరూ మరచిపోయారు. నెల తిరిగేసరికి వాని ముఖం ఉబ్బింది, మూత్రం టీ డికాక్షను రంగుకు తిరిగింది. ఇంటికి పంపివేశారు. ఈ రెంటికీ సంబంధం ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు.

సంబంధం ఉంది. గజ్జిపురుగు తొలిచిన చర్మాన్ని గోళ్ళతో గీరితే, ఆ గాయంలో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చేరుతుంది. దానిని ఎదుర్కొనడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలే మూత్రపిండాల వడపోత జల్లెడలో వాపు పుట్టిస్తాయి. గొంతునొప్పి తరువాతనైతే ఒకటి రెండు వారాల్లో, చర్మపు పుండ్ల తరువాతనైతే మూడు నుంచి ఆరు వారాల్లో ఆ జబ్బు బయటపడుతుంది. చాలామంది పిల్లలు కోలుకుంటారు, నిజమే. కొందరికి మాత్రం రక్తపోటు పెరిగి మూర్ఛలు వస్తాయి. మూత్రపిండాలే పని మానివేయవచ్చు.

"సబ్బు పెట్టి రుద్దుకుంటే ఇంతవరకూ వచ్చేదా?" అనే పెద్దమనుషులతోనే నా పేచీ. సబ్బుకు గజ్జిపురుగు చావదు. ఒంటికి ఒళ్ళు తగిలే ఇరుకులో అది ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. గదినిండా పిల్లల్ని కుక్కి, ఒక్కనికి మందు పూసి, తిరిగి అదే పక్క మీదికి పంపడం ఏమి వైద్యం? పెర్మెత్రిన్ లేపనం కలిసి పడుకునే వారందరికీ, దురద లేనివారికి సైతం, ఒకే రాత్రి పూయాలి. వారం తరువాత మళ్ళీ పూయాలి.

ఫిజీ దీవుల్లో కొన్నిచోట్ల ఊరందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్రలూ, అవి వాడకూడనివారికి లేపనమూ ఇచ్చి చూశారు. 2015లో వెలువడిన ఫలితాలివి: ఏడాదిలో గజ్జి 32.1 శాతం నుంచి 1.9 శాతానికి, చీముపుండ్లు 24.6 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయి. ఏ ఉపన్యాసం ఇంత పని చేసింది? 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ నిర్లక్ష్యం ఎవరిదో వేరే చెప్పాలా?

పిల్లవాని చేతిమీది పుండు చూసి ముఖం తిప్పుకునే వారిని నేను కోరేది ఒక్కటే. వెంటనే మందు వేయించండి. పుండు మానిన తరువాత కూడా ఆరు వారాలపాటు వాని ముఖం కేసి చూస్తూ ఉండండి. ఆనాడు మేము చూడలేదు.