ధర కాదు, మూడో రైడ్ చూడండి
కుర్రాడి ఎత్తు, వేగం కొలవొచ్చు గానీ గుండె దిటవు కొలిచే టేపు లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ దిగ్గజం టామ్ బ్రాడీని 2000 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో 198 మంది తర్వాత గానీ ఎవరూ తీసుకోలేదు. మన నితీశ్ కుమార్ రెడ్డి ఐపీఎల్‌కు 20 లక్షలకే వచ్చి, 2024లో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. అటు ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2023 వేలంలో రైడర్ పవన్ సెహ్రావత్‌పై 2.6 కోట్లు కుమ్మరించినా దక్కింది ఆఖరి స్థానమే. తప్పు పవన్‌ది కాదు, ఒక్కడితోనే జట్టు అవుతుందనుకున్న లెక్కది. వాల్మీకిపురం, మదనపల్లె వైపు కబడ్డీ కుర్రాళ్లను ఎంచేవాళ్లకు ఒకటే మాట: రెండు రైడ్లు ఖాళీగా పోయి మూడోది డూ ఆర్ డై అయినప్పుడు, వాడు డిఫెండర్ల కాళ్లు చూస్తున్నాడా, కోచ్ ముఖం చూస్తున్నాడా? దొరికిపోయినా సరే, తిరిగి లోపలికి రాగానే రైడ్‌కి మళ్లీ నేనే వెళ్తానన్నవాడి పేరు ముందు రాసుకోండి.