పేలని రంగుల తుపాకీ

అమెరికా చుట్టాలు ఒకప్పుడు చాక్లెట్లూ, సెంటు సీసాలూ తెచ్చేవారు. ఇప్పుడు వాళ్ల సూట్‌కేసుల్లోంచి ఏవేవో దిగుతున్నాయి. పెయింట్‌బాల్ తుపాకీ అందులో ఒకటి. పిల్లలకి పండగే! చిక్కల్లా అది మొరాయించినప్పుడే. మిక్సీ పాడైతే వీధి చివర మెకానిక్కు ఉన్నాడు. దీన్ని ఎవరికి చూపించాలి?

ఆ ప్రశ్న ఈసారి ఏటికొప్పాకలో ఎదురైంది. వరాహ నది ఒడ్డునున్న ఈ ఊరు లక్కబొమ్మలకు పెట్టింది పేరు. తిరుగుతున్న అంకుడు కర్రకి రంగు కలిపిన లక్కని అదిమి పట్టుకుంటే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగ. రంగులకు పసుపు, నీలి, జాఫ్రా గింజలు చాలు. ఆ సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడి బొంగరానికి బ్యాటరీ అక్కర్లేదు, స్క్రూ ఉండదు.

అలాంటి బొమ్మలు చేసే ఓ ఇంట్లో, ఇంటర్ చదివే కుర్రాడి చేతిలో ఎలక్ట్రానిక్ పెయింట్‌బాల్ మార్కర్! డాలస్ మామయ్య కానుక. హైదరాబాద్‌లో ఒకసారి ఆడించి, కారులో ఊరికి తెచ్చారు. ఇప్పుడు లైటు వెలుగుతోంది, బంతి మాత్రం రావడం లేదు. పాత సామాన్లవాడికి ఇచ్చేయమని అమ్మ. విప్పి చూస్తానని కుర్రాడు. అప్పటికే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాడు. గాలి సిలిండరు మాత్రం ఇంకా దానికే బిగించి ఉంది.

అమ్మ భయం అనవసరమని కొట్టిపారేయలేం. కారు టైరులో గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ చుట్టూ ఉంటుంది. ఈ చిన్న సిలిండర్లను 3,000 పీఎస్ఐ దాకా నింపుతారు. కొన్నింటిని 4,500 దాకా కూడా. ఆట స్థలాల్లో బంతి వేగానికి మామూలుగా పెట్టే హద్దు సెకనుకు 300 అడుగులు. అంటే గంటకు దాదాపు 330 కిలోమీటర్లు! ఒంటికి తగిలితే కందుతుంది. కంటికి తగిలితే చూపే పోవచ్చు.

అందుకే విప్పే ముందు చేయాల్సినవి వరసగా చేయాలి. కళ్లకి ఈ ఆట కోసమే చేసిన గాగుల్స్ పెట్టుకోండి, చలవ కళ్లద్దాలు పనికిరావు. పైనున్న బంతుల డబ్బా తీసేయండి. లోపల బంతి మిగిలిపోయిందేమో చూడండి. గొట్టానికి తొడుగు వేయండి. సిలిండరు మరలు తిప్పి తీశాక, మూతి నేలవైపు పెట్టి చప్పుడు ఆగేదాకా ట్రిగ్గర్ నొక్కండి. లోపల చిక్కుకున్న గాలి పోతుంది. బ్యాటరీ తీయడం ఆ తర్వాతే. సిలిండరుని మార్కర్ నుంచి తీయడం వేరు, సిలిండరు మెడకున్న వాల్వుని విప్పడం వేరు. ఆ రెండో పని ఎవరూ చేయకూడదు. తెలియక వాల్వు ఊడదీసినప్పుడు సిలిండరు రాకెట్‌లా లేచి, అమెరికాలో ప్రాణాలే పోయాయి.

అన్నట్టు, ఆటగాళ్లు దీన్ని తుపాకీ అనరు, మార్కర్ అంటారు. మొదట్లో ఇది అడవిలో చెట్లకీ, మందలో పశువులకీ దూరం నుంచి రంగు గుర్తులు పెట్టే పనిముట్టు మరి! 1981 జూన్‌లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో పన్నెండుమంది దాంతోనే తొలి ఆట ఆడారు. ఎలక్ట్రానిక్ రకాలు 1990ల్లో వచ్చాయి.

ఇక రోగం సంగతి. ట్రిగ్గర్ వెనక చిన్న స్విచ్చు ఉంటుంది. అది నొక్కుకోగానే బోర్డు నుంచి సొలినాయిడ్‌కి కరెంటు అందుతుంది. సొలినాయిడ్ అంటే కరెంటు తగలగానే కదిలి గాలికి దారి ఇచ్చే బుల్లి తలుపు. అది కదిలితే 'టక్'మని వినిపించాలి. ఈ పరీక్షకి చాలా రకాల్లో గాలీ అక్కర్లేదు, బంతులూ అక్కర్లేదు. ఒక్క మెలిక ఉంది. బంతి వచ్చి కూర్చుందో లేదో చూసేందుకు లోపల రెండు 'కళ్లు' ఉంటాయి. టీవీ రిమోట్‌లో ఉండే కనిపించని వెలుతురే వాటిలోనూ ఉంటుంది. బంతి లేదని అవి చెబితే మార్కర్ పేలనే పేలదు. పాడైందని జనం కంగారుపడేవాటిలో ఇదొకటి. కళ్లను ఆపే మీట నొక్కి, అప్పుడు చూడాలి.

కుర్రాడు కళ్లు ఆపి చూశాడు. అయినా టక్ లేదు. మీటరు పెడితే బ్యాటరీ 9 వోల్టులు చూపిస్తోంది. దొంగ దొరికింది అక్కడే! అది చవకగా దొరికే జింక్-కార్బన్ బ్యాటరీ. లైటు వెలిగించడానికి దాని సత్తువ చాలు. సొలినాయిడ్ ఒక్కసారిగా గుంజే కరెంటుని మాత్రం ఇవ్వలేదు. ఊరికే ఉన్నప్పుడు నిండుగా కనిపించే వోల్టేజీ, పని పడగానే జారిపోతుంది. ఎలమంచిలి నుంచి ఆల్కలైన్ బ్యాటరీ తెచ్చి పెడితే, టక్! అమ్మ మొహంలో మొదటిసారి నవ్వు.

బ్యాటరీ మార్చినా పలక్కపోతే తీగల అతుకులు, ట్రిగ్గర్ స్విచ్చు చూడాలి. కళ్లమీద రంగు ఎండి ఉంటే తడిపిన దూదిపుల్లతో తుడిస్తే చాలు. పేరుకే పెయింటు గానీ అది నీళ్లలో కరిగేదే. బయటి పెంకు జెలటిన్, మందుల క్యాప్సూల్‌కి వాడేదే. మన కోస్తా ఉక్కకి ఆ బంతులు చెమ్మ పీల్చి ఉబ్బుతాయి, గొట్టంలోనే పగులుతాయి. గాలి చొరని డబ్బాలో దాచండి, ఆకారం మారినవి పారేయండి.

సిలిండరు బిగించగానే మరో గొడవ. సన్నగా 'సుయ్'మని చప్పుడు. లేత్ దగ్గర కూర్చున్న తాతయ్య ఈ వస్తువుని జన్మలో చూడలేదు. అయినా సైకిల్ ట్యూబుని చూసినట్టే చూడమన్నారు. సబ్బు నురగ రాస్తే బుడగలు ఎక్కడొస్తే చిల్లు అక్కడే! సిలిండరు మూతి దగ్గర వచ్చాయి. సిలిండరు మళ్లీ తీసి చూస్తే అక్కడి ఓ-రింగు చిట్లి ఉంది. ఈ లీకు మామూలే. కానీ కుళాయి వాషరుతో సరిపెట్టకండి, ఆ ఒత్తిడికి ఆగదు. అదే కొలతలో పాలీయురితేన్ రింగు కావాలి. లోపలి రింగులకు తయారీదారు చెప్పిన గ్రీజే రాయండి. కొబ్బరినూనె, మిషను ఆయిల్ వద్దు. పెట్రోలియం నూనెలకి కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. విప్పేటప్పుడు సెల్‌ఫోన్‌తో ఒక్కో దశకీ ఫొటో తీసుకోండి, చిన్న భాగాలను స్టీలు కంచంలో పెట్టుకోండి.

గాలి ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటరు, సిలిండరు వాల్వు పాడైతే మాత్రం ఇంటి వైద్యం వద్దు. సిలిండరుకి సొట్ట పడ్డా, పరీక్ష గడువు దాటినా నింపించకూడదు. నగరాల్లో ఈ ఆట ఆడించేచోట అడగండి, బాగుచేసేవాళ్లు తెలుస్తారు.

ఓ-రింగు హైదరాబాద్ నుంచి రావాలి. అప్పటిదాకా మార్కర్ అటకమీదికి చేరింది, సిలిండరు విడిగా, బ్యాటరీ విడిగా.