చిల్లర - చింతపండు

మా యింట్లో చింతపండుకు మొన్నమొన్నటివరకూ రెండే పనులు: పులుసు పెట్టడం, ఇత్తడి చెంబులు తోమడం. కిందటి నెలలో మూడో పని కూడా వచ్చిపడింది. సర్కారువారి టంకశాలకు మేమూ ఓ చెయ్యి సాయం చేశాం.

సంగతేమిటంటే, చండ్రుగొండ సంతలో ఉప్పూ మిరపకాయలూ కొన్న ఒక ముసలమ్మ దగ్గర కొట్టాయన డబ్బు పుచ్చుకోనన్నాడు. తండా మనిషి. గుడిసె అంటుకుని కాలిపోతే బూడిదలోంచి యేరుకున్న పది రూపాయల బిళ్ళలు ఆమె కొంగుముడిలో వున్నాయి. అచ్చం బొగ్గుల్లా వున్నాయి. "ఇవి చెల్లవు" అన్నాడు కొట్టాయన. "ఎందుకు చెల్లవు సారూ?" అని ఆమె నావంక తిరిగింది. కాలేజీలో పాఠం చెప్పేవాడికి అన్నీ తెలుస్తాయని లోకానికొక నమ్మకం. నాకా క్షణాన తెలిసిందల్లా జేబులో యాభై రూపాయల నోటు వుందన్న సంగతే. అది ఆమెకిచ్చి, ఆ ముడి నేను తెచ్చుకున్నాను.

"యాభై రూపాయలు పోసి మసి కొనుక్కొచ్చారా!" అంది మా ఆవిడ. లెక్క చూస్తే అయిదు కాదు, ఆరున్నాయి. అయిదూ పది రూపాయల బిళ్ళలు. ఆరోది చిన్నది, నల్లనిది, అక్షరం కనిపించనిది. దాని నెత్తిన యెవరో కొక్కెం అతికించారు.

అయిదు బిళ్ళలూ చింతపండు నీళ్ళల్లో పడ్డాయి. ఒక పూటకల్లా అంచులు పచ్చగా మెరిశాయి. నడిమి తెల్లభాగం మాత్రం నీలిమచ్చ వదలలేదు. మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగితే, అంచులో రాగి యెక్కువనీ, నిప్పుసెగకు దానిమీద పట్టిన నలుపును చింతపండు పులుపు కరిగిస్తుందనీ, నడిమిది ఉక్కు గనక దాని దగ్గర ఆ పప్పులుడకవనీ చెప్పాడు. మరుసటి సంతలో అదే కొట్టాయన అవే బిళ్ళల్ని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకున్నాడు. "చిల్లర దొరకటం లేదు సారూ!" అన్నాడు పైగా.

ఆయన్నొక్కణ్ణీ అనడం దేనికి? కాలినవి కాకపోయినా పది రూపాయల బిళ్ళ అంటే మనవైపు చాలాచోట్ల మొహం చిట్లిస్తారు. రకరకాల అచ్చుల్లో వుండడంతో దొంగవని అనుమానం. ఆ పధ్నాలుగు రకాలూ చెల్లుతాయని రిజర్వుబ్యాంకువారు 2018 జనవరిలోనే ప్రకటించారు. ప్రకటన సంతదాకా రావాలి గదా! చట్టం మాటకొస్తే, 2011 నాటి నాణేల చట్టం కోరేవి రెండే: నాణెం రూపు చెరిపింది కాకూడదు, నిర్ణయించిన బరువుకు తగ్గిపోకూడదు. నలుపు సంగతి అందులో లేదు. అంటే మసిబారిన బిళ్ళ చెల్లుతుంది. తళతళలాడాలని ఆకురాయితో అరగదీసిన బిళ్ళే చెల్లకుండా పోవచ్చు.

తెలుగు పంతులుకి చట్టం చదివినా వ్యాకరణమే గుర్తొస్తుంది. రూపం అచ్చుకొట్టినది 'రూప్యం' అని పాణిని యేనాడో సూత్రం కట్టాడు. మన రూపాయి ఆ మాటలోంచి వచ్చిందే. వెండిలో కాదు, రూపులో వుంది రూపాయి.

ఈ జ్ఞానం నాకు పదిహేనో యేట వుంటే బాగుండేది. మా నాయనమ్మ దగ్గర నిజాంగారి హాలీ సిక్కా ఒకటుండేది, చార్మినారు బొమ్మతో వెండి అర్ధరూపాయి. ఆవిడ చిన్నతనంలో ఈ వైపంతా నిజాం రాజ్యం, గోదావరి అవతల భద్రాచలం మద్రాసువారిది. రాములవారి దర్శనానికి రేవు దాటితే దేవుడు మారడుగానీ రూపాయి మారేది. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు. ఆ బాధ పడలేక దక్షిణకని తీసుకెళ్ళిన అర్ధరూపాయిని మళ్ళీ ముడివేసుకుని తెచ్చుకుందట. నేను దానికి మెరుగు పెడదామని ఇటికపొడితో మధ్యాహ్నమంతా తోమాను. మెరిసింది. మీనార్లు నాలుగూ మొండిగోడలైనాయి, చుట్టూ వున్న ఫార్సీ అక్షరాలు గీతలైనాయి. నాయనమ్మ తిట్టలేదు. అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో తడిమి, "నున్నగా వుందిరా" అంది. అంతే. ఆ నాణెం మళ్ళీ బయటికి తీయగా నేను చూడలేదు.

మన గోదావరికే యెగువన, జగిత్యాల జిల్లా కోటిలింగాలలో సీసం నాణేలూ రాగి నాణేలూ మట్టిపట్టి దొరికాయి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటివారు ఓపికగా చదివితే, వాటిమీద సిముక శాతవాహనుడి పేరు బయటపడింది. అంతకన్న వింత, సమగోపుడు, గోబదుడు అని యే పురాణమూ చెప్పని రాజులు బయటపడ్డారు. ఆ నాణేలు నాలాంటి పదిహేనేళ్ళవాడి చేతికి, ఇటికపొడి అందుబాటులో వుండగా చిక్కివుంటే? సమగోపుడు ఈపాటికి చెంబు అడుగున మురికినీళ్ళలో కలిసిపోయేవాడు.

అందుచేత ఆరో నాణెం దగ్గరికి మా ఆవిడ చెయ్యి పోతుంటే పట్టుకున్నాను. "అయిదింటికి లేని మడి దీనికెందుకు?" అంది. సంతకు పోయే నాణెం సంగతి వేరు. మసి వుంటే సబ్బునీళ్ళు, మొండికేస్తే చింతపండు, కొట్టాయన పుచ్చుకుంటే చాలు. చేతులు మారే కొద్దీ అది యెలాగూ అరుగుతుంది. ఎవరిదో తెలియనిది మాత్రం మంచినీళ్ళతో మట్టి కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, కాగితంలో చుట్టి వుంచాలి. పీచూ బూడిదా దాని దరి చేరనివ్వకూడదు. వెనుకటి అల్యూమినియం పైసలైతే బూడిద తగిలితేనే పాడైపోతాయి.

మూడు వారాలకు ముసలమ్మ కనిపించింది. కాగితం విప్పి చూపించాను. గబుక్కున తీసుకుని కొక్కెం సరిగా వుందో లేదో చూసుకుంది. వాళ్ళమ్మ మెడలో దండలోదట, మిగతావి కరిగిపోయాయట.

"కడగలేదమ్మా, కోపం లేదుగదా?" అన్నాను.

"కడిగితే యెట్ల సారూ? మనవరాలి దండకు కుట్టాలె" అని కొంగున ముడివేసుకుని, ఉప్పు కొట్టువైపు నడిచింది.