ముక్కును నమ్మి సంపులోకి దిగొద్దు

తొలకరి పడేలోపు సంపులు కడిగించాలని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో తొందర మొదలవుతుంది. ఇటు ఇస్మాయిల్‌ఖాన్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో పాత బాయి పూడిక తీసేదీ, ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు మూత లేపేదీ ఈ రోజుల్లోనే. మూత లేపగానే గుప్పుమంటుంది. అందరూ రెండడుగులు వెనక్కి జరుగుతారు. కాసేపయ్యాక మేస్త్రీ వంగి చూసి, "వాసన పోయింది, ఇక దిగు" అంటాడు. ఆ మాట మీద దిగి, మళ్లీ నిచ్చెన ఎక్కని వాళ్లున్నారు. ఆ ఒక్క మాటను ఆపడానికే ఇది రాస్తున్నాం.

వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు, ముక్కు పోయి ఉండొచ్చు. కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మన ముక్కు చాలా ముందే పసిగడుతుంది. పది లక్షల పాళ్ల గాలిలో అది ఒక పాలు కూడా లేనప్పుడే తెలిసిపోతుంది. 100 పాళ్లకు చేరితే మాత్రం కొద్ది నిమిషాల్లోనే వాసన పట్టే నాడులు మొద్దుబారిపోతాయి. 500 దాటితే మనిషి కూలబడతాడు. 1000 దగ్గర ఒకటి రెండు ఊపిర్లే చాలు. దొంగ వాకిట్లో ఉన్నంతసేపు మొరిగి, ఇంట్లోకి రాగానే నోరు మూసుకునే కుక్క లాంటిది ఈ ముక్కు. పైగా ఈ గ్యాస్ బురదలో బుడగలుగా చిక్కుకుని ఉంటుంది. పైనుంచి చూసినప్పుడు ఏమీ ఉండదు. కాలు పెట్టి పార తిప్పాడో లేదో, కింద దాగింది ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. గాలికన్నా బరువైనది కాబట్టి మూత తెరిచినంత మాత్రాన పైకి లేచి పోదు.

లోపల ఒంట్లో జరిగేది తెలిస్తే భయం దానంతటదే వస్తుంది. మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా సన్నని గాలి గదులున్నాయి. వాటి గోడలు పలచన, పక్కనే నెత్తురు. ఆక్సిజన్ ఆ గోడ దాటి ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుని, గుండె తోస్తే మెదడుకూ కండకూ చేరుతుంది. అక్కడ ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే పొయ్యి ఉంది. మనం తిన్న అన్నాన్ని ఆక్సిజన్‌తో కలిపి శక్తి చేసేది అక్కడే. హైడ్రోజన్ సల్ఫైడ్ నేరుగా ఆ పొయ్యి మీదికే పోతుంది. ఆక్సిజన్‌ను వాడుకునే చివరి ఎంజైమును బిగించేస్తుంది. సైనైడు చేసే పనీ ఇదే. నెత్తుటి నిండా ఆక్సిజన్ ఉంటుంది, కణం దాన్ని ముట్టలేదు. విస్తట్లో అన్నం పెట్టి చేతులు కట్టేసినట్టు. ఒంటి బరువులో రెండు శాతమే ఉండి, ఆక్సిజన్‌లో ఐదో వంతు తీసుకునే మెదడు అన్నిటికన్నా ముందు ఆరిపోతుంది.

ఏ వాసనా లేని గ్యాస్ ఇంకా మోసం. మందుల కంపెనీల్లో రియాక్టర్లకు నిప్పంటుకోకుండా నైట్రోజన్ నింపుతారు. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజనే కదా, అది విషమా అని అడిగేవాళ్లున్నారు. విషం కాదు, కానీ అది ఆక్సిజన్‌ను తోసేస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5కు తగ్గితేనే ఆ చోటు పనికిరాదని లెక్క. 10 దగ్గర స్పృహ తప్పుతుంది. నైట్రోజనే నిండిన ట్యాంకులో రెండు మూడు ఊపిర్లకే పడిపోతారు.

ఊపిరి బిగబట్టినవాడు నిమిషం ఆగగలడే, మరి పీలుస్తూ ఉన్నవాడు ఎందుకు ఆగలేడు? బిగబడితే ఊపిరితిత్తుల్లో ఉన్న ఆక్సిజన్ లోపలే ఉంటుంది. నైట్రోజన్ పీలిస్తే ప్రతి ఊపిరితోనూ అది బయటికి కొట్టుకుపోతుంది. చివరికి నెత్తుట్లోంచి కూడా వెనక్కి లాగబడుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. మనకు ఊపిరాడని బాధ కలిగించేది ప్రధానంగా ఆక్సిజన్ తగ్గడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. నైట్రోజన్‌లో ఊపిరి వదులుతూనే ఉంటాడు కాబట్టి అది పేరుకోదు, గుండెల మీద బరువు అనిపించదు. "ఊపిరాడక మృతి" అని మా పత్రికలన్నీ రాస్తాం. వాళ్లలో కొందరికి ఊపిరాడటం లేదన్న సంగతే తెలిసి ఉండదు. నిచ్చెన ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, కాలు మాత్రం లేవదు.

అక్కడితో ఆగదు, ఒక్కడే పోడు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరం గ్రామంలో, ఒక కోళ్ల హేచరీ మురుగు ట్యాంకులో ఏడుగురు చనిపోయారు. ముందు దిగినవాళ్లు పడిపోతే, తీయడానికి మిగతావాళ్లు దిగారు. అంతకు ముందు ఏడాది మార్చి 30న మొగల్తూరు ఆక్వా ప్లాంటు ట్యాంకులో ఐదుగురు పోయారు. 2016 ఆగస్టులో మాదాపూర్ మ్యాన్‌హోల్‌లో నలుగురు పోతే, వాళ్లలో ఒకరు కాపాడబోయిన క్యాబ్ డ్రైవర్. అన్న పడ్డాడని తమ్ముడు ఆగలేడు, అది మనిషి గుణం. కానీ అన్నను పడగొట్టిన గాలే తమ్ముడి కోసమూ అక్కడ ఉంది.

బాయిలోకి దిగే ముందు పెద్దలు లాంతరు దించి చూసేవాళ్లు. ఆరిపోతే దిగేవాళ్లు కాదు. బాయి అడుగున కార్బన్ డయాక్సైడ్ చేరి ఆక్సిజన్ తగ్గిందో లేదో చూడటానికి ఆ తెలివి పనికొచ్చింది. ఫ్యాక్టరీ సంపులో, సెప్టిక్ ట్యాంకులో దాన్ని వాడితే చచ్చిపోతాం. మీథేన్, సాల్వెంటు ఆవిరి ఉంటే లాంతరే అంటిస్తుంది. మనిషిని చంపేంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం నిక్షేపంగా వెలుగుతుంది. మూత దగ్గర బీడీ ముట్టించేవాళ్లకూ ఇదే మాట.

చట్టం కొత్తదేం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు: గాలి పరీక్షించి అర్హుడైన మనిషి ప్రమాదం లేదని రాతపూర్వకంగా ఇస్తేనో, లేదా ఊపిరి పరికరం పెట్టుకుని, నడుముకు కట్టిన తాడు రెండో కొస బయట మనిషి పట్టుకుని ఉంటేనో దిగాలి. మురుగు గుంటల్లో చావులకు పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది. గాలి కొలిచే మీటరుకూ, బ్లోయరుకూ అయ్యే ఖర్చు అందులో ఏ మూలకు? కాంట్రాక్టు మనిషికి తాడు కూడా ఇవ్వని చోట ఈ లెక్క ఎవరు చెబుతారో.

నక్కవాగు వెంబడి ఊళ్లకు ఇంకో మాట. రాత్రిపూట ట్యాంకర్లు ఖాళీ చేసే కాలువల దగ్గరికి, "ఏం పోస్తున్నార్రా" అని పరిగెత్తకండి. 2022 జనవరి 6న సూరత్ సచిన్ ప్రాంతంలో ట్యాంకర్ కాలువలోకి రసాయనం వదిలితే లేచిన గ్యాస్‌కు ఆరుగురు చనిపోయారు. దూరంగా, గాలి వచ్చే వైపు నిలబడి ఫోటో తీసి, 112కు చెప్పండి.

ఎవరైనా సంపులో పడిపోతే మూతలన్నీ తెరిచి, బ్లోయరుతో మామూలు గాలి కొట్టండి. లోపలికి సిలిండర్‌లోని ఆక్సిజన్ వదలకండి, నిప్పంటుకుంటుంది. తాడు కట్టి దిగిన మనిషైతే పైనుంచి లాగండి. 101కి, 108కి ఫోన్ చేయండి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి. నోట్లో నోరు పెట్టి ఊదొద్దు, ఆ గాలి మీకూ తగులుతుంది. వీటన్నిటికన్నా ముందు, పడినవాడి పేరు పెట్టి అరుస్తూ చొక్కా విప్పి దిగబోయేవాడిని ఇద్దరు కలిసి నడుం పట్టుకుని ఆపండి.